ఎల్‌హెచ్‌బీ కుదుపులు: రైడ్ ఇండెక్స్ లెక్కలోకి రాని దిశ

వందే భారత్ స్లీపర్ 180 కి.మీ. వేగంతో పోతుంటే గ్లాసులో నీళ్లు తొణకని వీడియో 2025 జనవరిలో, కోటా డివిజన్ ట్రయల్స్ అప్పుడు బయటికొచ్చింది. మరి మామూలు సూపర్‌ఫాస్టుల్లోని ఎల్‌హెచ్‌బీ (లింకే హాఫ్‌మన్ బుష్ అనే జర్మన్ కంపెనీ రకం) పెట్టెల సంగతేమిటి? వాటిది జర్మన్ డిజైన్. పరుగులో నిలకడగానే ఉంటాయి. ఆగేటప్పుడు, కదిలేటప్పుడు మాత్రం పై బెర్తులో నిద్రపోతున్నవాడు ఉలిక్కిపడి లేస్తాడు.

అంతకుముందు పాత పెట్టెలు చేసిన పెరంబూరు ఐసీఎఫ్ (ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ) కథ అందరికీ తెలిసిందే. అసలు మలుపు కప్లింగ్ దగ్గర, అంటే పెట్టెను పెట్టెకు కలిపే చోట ఉంది. ఐసీఎఫ్ పెట్టెలకు స్క్రూ కప్లింగ్, రెండు పక్కలా తాకిడిని తట్టుకునే స్ప్రింగు బఫర్లు. స్క్రూ బిగించినప్పుడే బఫర్లు కొంత నొక్కుకుంటాయి కాబట్టి పెట్టెల మధ్య ఖాళీ మిగలదు. 1995 ఒప్పందంతో, 2000లో జర్మనీ నుంచి దిగిన 24 పెట్టెలతో ఎల్‌హెచ్‌బీలు వచ్చాయి. వాటికి బఫర్లు లేవు. లాగే బలమూ, నెట్టే బలమూ మధ్యలో ఉన్న ఒక్క కప్లర్ మీదే పడతాయి. ప్రమాదంలో పెట్టెలు ఒకదానిమీదొకటి ఎక్కకుండా ఆపేది ఈ కప్లరే. భద్రత కోణంలో మంచి నిర్ణయమే, అందులో వాదన లేదు.

చిక్కు కప్లర్ తలలో కాదు, దాని వెనక దెబ్బను తట్టుకునే డ్రాఫ్ట్ గేర్‌లో వచ్చింది. దాని రబ్బరు ప్యాడ్లు అణగారితే మొదట్లో ఉన్న బిగువు పోయి సందు ఏర్పడుతుంది. ఒక్కో కప్లింగ్ దగ్గర 2 సెం.మీ. సందు అనుకుందాం. 22 పెట్టెల బండిలో 21 కప్లింగులకు కలిపి 42 సెం.మీ. ఇంజన్ కదలగానే ఆ సందు ముందు నుంచి వెనక్కి ఒక్కొక్కటిగా బిగుసుకుంటూ పోతుంది. చివరి పెట్టె ఉన్నట్టుండి వేగం అందుకోవాలి. బ్రేకులో దీనికి తలకిందులు: పైపులో గాలి పీడనం పడిపోతేనే బ్రేకు పడుతుంది, అది ముందు పెట్టెల్లో ముందుగా పడిపోతుంది, వెనకవి వచ్చి గుద్దుకుంటాయి.

కొలతలు దీన్ని ఎందుకు పట్టుకోలేదు? మన రైల్వేలో సౌకర్యానికి కొలమానం స్పెర్లింగ్ రైడ్ ఇండెక్స్. అంకె తగ్గేకొద్దీ ప్రయాణం హాయి. ఐసీఎఫ్ పెట్టెకు 3.25 దాకా సరే అన్నారు. ఎల్‌హెచ్‌బీకి 160 కి.మీ. వేగంలో 2.5 లక్ష్యం, 2.75 దాటకూడదు. కొలిచేది బోగీ (పెట్టె కింది చక్రాల చట్రం) పైన, పెట్టె నేలమీద పెట్టిన యాక్సిలరోమీటర్ అనే కుదుపు కొలిచే సెన్సర్‌తో, నిలువుగానూ అడ్డంగానూ. పొడవు దిశ ఆ లెక్కలోకి రాదు. ఒకవేళ తెచ్చినా, కిలోమీటర్ల పరుగుకు కలిపి తీసే అంకెలో అర సెకను దెబ్బ కరిగిపోతుంది. పట్టాల తీరు చూసే ఆసిలేషన్ మానిటరింగ్ పరికరం 0.15జీ, 0.20జీ (జీ అంటే గురుత్వ త్వరణం) దాటిన శిఖరాలను విడివిడిగా లెక్కపెడుతుంది, కానీ అవీ ఆ రెండు దిశలవే.

కొలత లేనిచోట నింద ముందుకొస్తుంది. అధికారుల వైపు మాట క్లుప్తం: లోకో పైలట్ సరిగ్గా నడిపితే కుదుపు ఉండదు. పైలట్ల మాటలో వివరం ఎక్కువ. బ్రేకు పైపులో 5 కేజీల పీడనం చివరి పెట్టె దాకా తిరిగి నిండకముందే నాచ్ వేస్తే (ఇంజన్ శక్తి ఒక మెట్టు పెంచితే), ముందు పెట్టెలు లాగుతుంటే వెనకవాటి బ్రేకులు ఇంకా పట్టుకునే ఉంటాయి. నిండేదాకా ఆగితే సిగ్నల్ దగ్గర సెకన్లు పోతాయి, ఆలస్యానికి సంజాయిషీ కూడా వాళ్లే ఇవ్వాలి. ఇంజన్‌లోని రీజనరేటివ్ బ్రేకు (వేగాన్ని కరెంటుగా మార్చేది) ఒక్కటే గట్టిగా వాడితే బండి మొత్తం ఇంజన్ మీదికి వచ్చి పడుతుంది. కరెంటు మిగులుతుందని అదే ఎక్కువ వాడమంటారు. డ్రాఫ్ట్ గేర్ ఎంత అరిగిందో క్యాబ్‌లోంచి కనబడదు.

తర్వాత వచ్చిన మందు బ్యాలెన్స్‌డ్ డ్రాఫ్ట్ గేర్. లాగినా నెట్టినా వదులు కదలిక లేకుండా మెత్తగా తట్టుకుంటుంది. పైలట్లను నిందించినవాళ్లే గేరు మార్చడానికి ఒప్పుకున్నారంటే మొదటి వాదన ఎంత నిలిచిందో తెలుస్తూనే ఉంది. పాత గేర్లవీ కొత్త గేర్లవీ ఒకే రేక్‌లో (ఒకే బండి పెట్టెల వరసలో) కలిస్తే పాతవాటి సందు అలాగే ఉంటుంది. వందే భారత్‌లో మోటార్లు పెట్టెలంతటా పరిచి ఉన్నాయి, యూనిట్‌లోని పెట్టెలు విడదీయని కప్లర్లతో కలిసి ఉన్నాయి. అందుకే దానితో పోల్చడం ఎల్‌హెచ్‌బీకి అన్యాయం.

తప్పు ఎవరిదో తేలాలంటే మొదటి, మధ్య, చివరి పెట్టెల నేలకు గట్టిగా బిగించిన సెన్సర్లు కావాలి. ఫోన్‌ను బెర్తు పరుపు మీద పెట్టి తీసిన అంకెలు పనికిరావు, ఫోము దెబ్బను మింగేస్తుంది. పొడవు దిశలో సెకనుకు 100 రీడింగులు తీసి, వాటి పక్కనే బ్రేకు పైపు పీడనం చూడాలి. మొదటి పెట్టెలోనే దెబ్బ పెద్దదైతే నడపడం మీద అనుమానం. వెనక్కి వెళ్లేకొద్దీ పెరిగితే ముందు పెట్టెల కింద దూరి డ్రాఫ్ట్ గేర్ సందు కొలవాలి.