కుక్కకు అన్నం: నా క్లినిక్‌లో రోజూ వినే అపోహలు, వాస్తవాలు

"అన్నమే పెడుతున్నాం సార్, తప్పా?" అని భయపడుతూ అడిగేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. తప్పేం కాదు. తరతరాలుగా మన ఊళ్లలో కుక్కలు మనం పెట్టిన మెతుకులతోనే బతికాయి. చిక్కంతా అన్నంలో ఏం కలుపుతున్నారన్నదాంట్లో, అన్నంతోనే కడుపు నింపేయడంలో ఉంది.

అపోహ: కుక్క మాంసం తినే జంతువు, దానికి అన్నం అరగదు.

వాస్తవం: మెత్తగా ఉడికితే బాగానే అరుగుతుంది. పిండిపదార్థాన్ని అరిగించే అమైలేజ్ జన్యువు తోడేలులో రెండు ప్రతులే ఉంటే, కుక్కల్లో 4 నుంచి 30 దాకా ఉన్నాయని 2013లో స్వీడన్ శాస్త్రవేత్తలు తేల్చారు. కాకపోతే కుక్క లాలాజలంలో ఆ ఎంజైమ్ దాదాపు ఉండదు, పనంతా క్లోమానిదే. అందుకే పలుకు లేకుండా వండమంటాను.

అపోహ: చికెన్ అన్నం పెడితే కుక్కపిల్ల బలంగా పెరుగుతుంది.

నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే. నాలుగు నెలల లాబ్రడార్ పిల్లను ఒకావిడ ఒళ్లో పెట్టుకుని తెచ్చారు. మంచం మీంచి దూకిందట, వెనక కాలు ఆనించడం లేదు. ముందు కాళ్లు అప్పటికే విల్లులా వంగి ఉన్నాయి. ఎక్స్‌రే తీస్తే తొడ ఎముక విరిగింది, మిగతా ఎముకల అంచులు కాగితంలా పల్చబడ్డాయి. "రోజూ బోన్‌లెస్ చికెనే పెడుతున్నా డాక్టర్ గారూ, ఏం తక్కువ చేశాను?" అంటూ ఆవిడ ఏడ్చేశారు.

ప్రేమకేం తక్కువ లేదు. తక్కువైంది కాల్షియం. 100 గ్రాముల అన్నంలో కాల్షియం 10 మిల్లీగ్రాములే. ఎముక లేని చికెన్‌లోనూ అంతంతమాత్రమే, పైగా ఫాస్ఫరస్ పదింతలకు మించి ఉంటుంది. తిండిలో దొరకని కాల్షియాన్ని ఒళ్లు సొంత ఎముకల్లోంచే లాక్కుంటుంది. ఎండలో కట్టేస్తే సరిపోతుందనుకోకండి, కుక్క చర్మం మనలా సరిపడా విటమిన్-డి తయారు చేసుకోలేదు. అలాగని అంచనాగా కాల్షియం సిరప్ పోయకండి. పెద్ద జాతి పిల్లల్లో అది ఎక్కువైనా ఎముకలు వంకర పోతాయి. పిల్లలకు సమతుల ఆహారమే ప్రధానం. అన్నం ఓ ముద్ద, అంతే.

అపోహ: ఉల్లిపాయ ఏరేసి పెడితే సాంబారన్నం పెట్టొచ్చు.

వాస్తవం: ముక్క తీసినా సారం పులుసులోనే ఉంటుంది. ఉడికించినా ఉల్లి, వెల్లుల్లి విషం పోదు, ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. ప్రమాదం జరగడానికి కిలో బరువుకు 15 గ్రాముల ఉల్లి చాలు, అంటే 5 కిలోల పొమేరియన్‌కు ఒక మామూలు ఉల్లిపాయ. లక్షణాలు అదే రోజు కనిపించకపోవచ్చు. రెండు మూడు రోజులకు చిగుళ్లు తెల్లబడి, మూత్రం ముదురు రంగులో వస్తుంది.

పులిహోర కూడా వద్దు. ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కల కిడ్నీలను దెబ్బతీస్తాయని ఎప్పటినుంచో తెలుసు. అందుకు కారణం టార్టారిక్ ఆమ్లం కావచ్చని 2021లో అమెరికా విష నిపుణులు చెప్పారు. మన చింతపండులో ఆ ఆమ్లం దండిగా ఉంటుంది.

అపోహ: అన్నం తింటే నులిపురుగులు పడతాయి.

పడవు. అవి తల్లి నుంచో, మట్టిలోని గుడ్ల నుంచో వస్తాయి.

అపోహ: విరేచనాలైతే పెరుగన్నం పెడితే చాలు.

వాస్తవం: పెద్ద కుక్క హుషారుగా ఉంటే ఉప్పు, పోపు లేని మెత్తటి తెల్లన్నంలో ఉడికించిన చికెన్ కలిపి, కొంచెం కొంచెంగా రెండు మూడు రోజులు పెట్టొచ్చు. టీకాలు పూర్తికాని పిల్లకు వాంతులతో పాటు రక్తవిరేచనాలు అయితే మాత్రం ఇంట్లో ఒక్క పూట కూడా ఆగొద్దు. అది పార్వో అనే ప్రాణాంతక వైరస్ జబ్బు కావచ్చు.

అపోహ: మిగిలిన అన్నం వేడిచేస్తే పనికొస్తుంది.

వాస్తవం: బియ్యంలో ఉండే ఒక బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. రాత్రంతా గిన్నెలో వదిలేసిన అన్నంలో అవి విషం తయారుచేస్తాయి, మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు. వండాక త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి, మర్నాటికి అయిపోవాలి.

ఎంత పెట్టాలంటే, 10 కిలోల కుక్కకు రోజుకు సుమారు 600 కేలరీలు కావాలి. దాని అసలు తిండికి తోడుగా ఇచ్చేది అందులో పదో వంతు దాటకూడదు. అన్నంలో లెక్కేస్తే 50 గ్రాముల లోపు, అంటే ఒక చిన్న ముద్ద.