మొహమాటపు "అవును"

2011లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీ వాళ్లు మన దేశంలో 4,031 మందితో ఒక సర్వే చేయించారు. గ్లోబల్ వార్మింగ్ గురించి మీకెంత తెలుసు అంటే 41 శాతం మంది ఆ మాటే వినలేదనో, తెలీదనో చెప్పారు. సరే అని అదేంటో రెండు ముక్కల్లో వివరించి, ఇది జరుగుతోందంటారా అని అడిగితే 72 శాతం మంది అవునన్నారు. 41, 72 కలిపితే 113. అంటే మొత్తంలో కనీసం 13 శాతం మందికి, అప్పటిదాకా సంగతే తెలీని విషయం మీద అప్పటికప్పుడు ఒక అభిప్రాయం వచ్చేసిందన్నమాట!

ఇందులో మోసమేమీ లేదు. పేరు వినకపోయినా వానలు అదను తప్పడం రైతు చూస్తూనే ఉంటాడు, వివరణ వినగానే "ఓ, ఇదా" అనుకొని ఉండొచ్చు. లేదా ఉత్త మొహమాటం కావచ్చు. ఎవరో పనిగట్టుకుని వచ్చి, ఓపిగ్గా వివరించి, "అంతే కదండీ" అన్నట్టు మొహంలోకి చూస్తుంటే కాదని ఎలా అంటాం?

ఈ గంగిరెద్దు తలూపుడు అన్ని దేశాల్లోనూ ఉంది. దాన్ని పట్టుకోవడానికి ఒక చిన్న కిటుకుంది. పర్యావరణ దృక్పథాన్ని కొలవడానికి రైలీ డన్‌లాప్, కెంట్ వాన్ లియర్ అనే పరిశోధకులు 1978లో ఒక ప్రశ్నావళి తయారుచేశారు. 2000లో సవరించాక అందులో 15 వాక్యాలున్నాయి, 8 ప్రకృతి పక్షాన, 7 దానికి ఎదురు. ప్రకృతి సమతుల్యం చాలా సున్నితం, ఇట్టే దెబ్బతింటుంది అనేది ఒకటి. పరిశ్రమల తాకిడిని తట్టుకునే బలం దానికి ఉంది అనేది ఇంకొకటి. రెంటికీ అవునన్న మనిషి ప్రశ్న వినలేదు, తలూపాడంతే.

మాట మారితే జవాబు మారడం ఇంకో తలనొప్పి. అమెరికాలో ఒకే ప్రశ్నని కొందరికి "గ్లోబల్ వార్మింగ్" అని, ఉష్ణోగ్రత పెరుగుతోందని, మిగతావాళ్లకి "క్లైమేట్ చేంజ్" అని, ఉష్ణోగ్రత మారుతోందని అడిగారు. రిపబ్లికన్లలో మొదటిదాన్ని నమ్మినవాళ్లు 44 శాతం, రెండోదాన్ని నమ్మినవాళ్లు 60 శాతం. డెమొక్రాట్లలో తేడా దాదాపు లేదు. 2011లో అచ్చైన పరిశోధన ఇది.

ఇక పర్యావరణమా, ఆర్థిక వృద్ధా, ఏదో ఒకటి చెప్పమని గాలప్ అనే సర్వే సంస్థ అమెరికన్లని 1984 నుంచీ అడుగుతోంది. వృద్ధి మొదటిసారి పైచేయి సాధించింది 2009లో, 51 శాతంతో. పర్యావరణానికి 42. ఆర్థిక మాంద్యం రోజులవి, ఉద్యోగాల టెన్షన్‌లో ఉన్నవాళ్లని అడిగితే ఇంకేం చెప్తారు? అసలు రెండూ కావాలనే మనిషికి ఈ ప్రశ్నలో చోటే లేదు, అది నాకు నచ్చని సంగతి.

125 దేశాల్లో దాదాపు 1,30,000 మందిని అడిగిన సర్వే ఒకటి 2024లో వచ్చింది. వాతావరణ మార్పును ఎదుర్కోవడానికి నెల ఆదాయంలో 1 శాతం ఇస్తారా అంటే 69 శాతం మంది ఇస్తామన్నారు. మీ దేశంలో ఎంతమంది ఇస్తారనుకుంటున్నారు అంటే మాత్రం సగటు అంచనా 43 శాతమే. జనం పక్కవాళ్లని తక్కువ చేసి చూస్తున్నారన్నది పరిశోధకుల మాట. కావచ్చు, కానీ పక్కింటాయన గురించి చెప్పేటప్పుడు మొహమాటం ఉండదు కదా, ఆ 69లో కొంత మొహమాటమూ కలిసి ఉంటుందని నాకు అనుమానం.