రెండు ఊళ్లలో చెడిన కాఫీ

విజయనగరం

చిరంజీవులు చిన్నికి, బుజ్జికి అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న ఆదివారం ఇద్దరూ గంట తేడాలో ఫోన్ చేశారు. జర్మనీలోని డ్రెస్డెన్ నుంచి చిన్ని, "అమ్మమ్మా, నువ్వు పెట్టి పంపిన ఫిల్టర్‌లో నీళ్లు పోస్తే రెండు నిమిషాల్లో కిందికి దిగిపోతున్నాయి. డికాషన్ పల్చగా, పుల్లగా ఉంటోంది" అంది. బెంగళూరు నుంచి బుజ్జి, "ఫ్రెంచ్ ప్రెస్ కొన్నాను, అదే, జల్లెడ కిందికి నొక్కి కాఫీ వడకట్టే కూజా. మనింటి కాఫీపొడే వేశాను, కప్పు అడుగున బురద, నోట్లో చేదు" అన్నాడు. ఫోన్‌లో సగమే చెప్పగలిగాను. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. మీ ఇద్దరిదీ ఒకటే పొరపాటు. ఒకరు ఇటు చేస్తే ఒకరు అటు చేశారు.

ముందు మన ఫిల్టర్ సంగతి. పై గిన్నె అడుగున సన్న చిల్లులు ఉంటాయి కదా, నీళ్లను ఆపేవి అవే అనుకుంటారు చాలామంది. కాదు, ఆపేది పొడి. పొడి సన్నగా ఉంటే రేణువుల మధ్య సందు తక్కువ, నీళ్లు దారి వెతుక్కుంటూ నెమ్మదిగా దిగుతాయి. దిగుతూ దిగుతూ పొడిలోని సారమంతా పట్టుకొస్తాయి. చిన్నీ, నువ్వు అక్కడి దుకాణంలో కొన్న పొడి వాళ్ల కాగితం ఫిల్టర్ల కోసం మర పట్టింది, మన పొడికన్నా బరక. పైగా అందులో చికోరీ లేదు. చికోరీ అంటే ఒక మొక్క వేరు, వేయించి పొడి కొడతారు. అందులో కెఫీన్ ఉండదు. కాఫీకి నలుపు రంగు, చిక్కదనం ఇస్తుంది, నీళ్లు పీల్చుకుని ఉబ్బి ధారను కూడా నిదానం చేస్తుంది. మనింట్లో ఎనభై పాళ్లు కాఫీ, ఇరవై పాళ్లు చికోరీ. ప్యాకెట్ మీద శాతం రాసి ఉంటుంది, చూసి కొనండి.

ఇప్పుడు నేను చేసే తీరు చెబుతాను. పొడి వేసే ముందు పై గిన్నె పొడిగా ఉండాలి, తడి ఉంటే పొడి అంటుకుని చిల్లులు మూసుకుపోతాయి. మూడు పెద్ద చెంచాల పొడి వేసి, గిన్నెను పక్కనుంచి రెండుసార్లు తట్టి చదును చేస్తాను. కాడ ఉన్న బిళ్ళను పైన ఆనించి ఊరుకుంటాను, అదమను. పెళ్లైన కొత్తలో చిక్కటి డికాషన్ కావాలని గట్టిగా అదిమేశాను. ఇంటికి చుట్టాలు వచ్చి కూర్చున్నారు, గంటైనా కింది గిన్నెలో అంగుళం డికాషన్ లేదు. ఆ టెన్షన్ నాకిప్పటికీ గుర్తే. నీళ్లు సలసల కాగాక దించి, అర నిమిషం ఆగి, మొదట పొడి తడిసేటంత మాత్రమే పోస్తాను. తాజాగా వేయించిన పొడైతే బుసబుసమని బుడగలతో పొంగుతుంది. వేయించినప్పుడు గింజలో చిక్కుకున్న గాలి అలా బయటికి వస్తుంది. ఆ గాలి పోనిస్తేనే తర్వాత పోసే నీళ్లు పొడిలోకి సరిగ్గా ఇంకుతాయి. అప్పుడు నిండా పోసి మూత పెడతాను. పావుగంట నుంచి అరగంట పడుతుంది. తొందరపడి మళ్లీ మూత తీసి చూడకండి, వేడి పోతుంది.

ఇక దీని వెనకున్న అసలు సంగతి. పటికబెల్లం ముక్క పాలలో వేస్తే కరగడానికి ఎంతసేపు? అదే పంచదారైతే? కాఫీ కూడా అంతే. సన్నగా ఉంటే సారం త్వరగా దిగుతుంది, బరకగా ఉంటే ఆలస్యం. కాఫీగింజలో నీళ్లలో కరిగేది మొత్తం మీద నూటికి ముప్పై పాళ్లు ఉంటుంది. ఆ ముప్పైలో 18 నుంచి 22 పాళ్లు దిగితే కప్పు కమ్మగా ఉంటుందని ఈ పని తెలిసినవాళ్లు లెక్క కట్టారు. ముందు పులుపు, సువాసన దిగుతాయి, తర్వాత తీపి, చివర్లో చేదు. తక్కువ దిగితే పల్చగా పుల్లగా ఉంటుంది, చిన్ని కప్పులో జరిగింది ఇదే. మరీ ఎక్కువ దిగితే గొంతు పట్టే చేదు, అది బుజ్జి కప్పు.

బుజ్జీ, ఫ్రెంచ్ ప్రెస్‌లో పొడి నాలుగు నిమిషాలు నీళ్లలోనే నానుతుంది. అందుకే దానికి ఇడ్లీరవ్వంత బరక పొడి కావాలి. నువ్వు వేసిన సన్న పొడి ఆ నాలుగు నిమిషాల్లో చేదంతా వదిలేసింది, జల్లెడలోంచి జారి అడుగున బురదై కూర్చుంది. చికోరీ లేని గింజలు కొని అక్కడే బరకగా పట్టించుకో. కప్పుకి పది, పన్నెండు గ్రాముల పొడి వెయ్యి, గ్రాముకి పదిహేను గ్రాముల లెక్కన నీళ్లు పొయ్యి. జల్లెడ కిందికి నొక్కిన వెంటనే కప్పుల్లోకి వంపేసెయ్యి. అందులోనే వదిలేస్తే ఇంకా నానుతూనే ఉంటుంది.

చిన్నీ, నువ్వున్న ఊరికి ఇందులో పెద్ద పేరు ఉందని తెలుసా? మెలిట్టా బెంట్జ్ అనే ఇల్లాలు డ్రెస్డెన్‌లోనే ఉండేది. కప్పు అడుగున మిగిలే ముద్దతో, చేదుతో విసిగిపోయి, ఒక ఇత్తడి గిన్నె అడుగున మేకుతో చిల్లులు కొట్టింది. కొడుకు స్కూలు పుస్తకంలోని బ్లాటింగ్ కాగితం చించి అందులో పరిచి, దాని మీద పొడి వేసి నీళ్లు పోసింది. 1908లో పేటెంట్ తీసుకుంది. ఇవాళ ప్రపంచమంతా వాడే కాగితం ఫిల్టర్ ఒక తల్లి వంటింట్లో పుట్టింది. ఆ మాట తలుచుకుంటే నాకు చెప్పలేనంత సంతోషం. ఆ కాగితం కాఫీలోని నూనెను కూడా ఆపేస్తుంది. ఆ నూనెలో చెడు కొలెస్ట్రాల్ పెంచే పదార్థం ఉంటుంది. ఫ్రెంచ్ ప్రెస్ జల్లెడ దాన్ని ఆపలేదు. మీ తాతయ్యకి ఇప్పుడు వారంలో నాలుగు రోజులు కాగితంలో వడకట్టిన కాఫీయే ఇస్తున్నాను, మొహం ముడుచుకుంటున్నా సరే.

ఒత్తిడి సంగతి కూడా చెప్పాలి. ఎస్‌ప్రెసో యంత్రం కారు టైర్లో ఉండే ఒత్తిడికి నాలుగు రెట్ల ఒత్తిడితో వేడినీళ్లను సన్న పొడిలోంచి తోస్తుంది. అందుకే మనకు అరగంట పట్టేది దానికి అర నిమిషంలో అయిపోతుంది. మన పెళ్లిళ్లలో బుస్సుమని ఆవిరి కొట్టి, పైన చాక్లెట్ పొడి చల్లి ఇచ్చేదాన్నీ అదే పేరుతో పిలుస్తాం గాని, అందులో ఉండేది ఇన్‌స్టంట్ పొడి, ఆవిరి పట్టేది పాలకు. యంత్రం కొనలేనివాళ్లకి మోకా పాట్ ఉంది. ఇటలీలో 1933 నుంచి ఉన్న అల్యూమినియం కూజా. కింద నీళ్లు, నడుమ పొడి, పొయ్యి మీద పెడితే ఆవిరి తోపుకి నీళ్లు పొడి దాటి పై గదిలోకి ఎక్కుతాయి. గుడగుడమన్న చప్పుడు మొదలవగానే దించెయ్యాలి, లేకపోతే మాడు వాసన. పొడి అదమకూడదు, ఇక్కడా అదే సూత్రం.

టర్కీవాళ్లు మైదాలాంటి పొడిని నీళ్లలోనే వేసి కాచి, వడకట్టకుండా కప్పులో పోస్తారు, మడ్డి అడుక్కి దిగేదాకా ఆగి తాగుతారు. ఇన్‌స్టంట్ పొడి అంటే ఎవరో ముందే కాచిన కాఫీని ఆరబెట్టినదే. ప్రయాణంలో పనికొస్తుంది, నేనూ రైల్లో తాగుతాను.

ఏ గిన్నె కొన్నా గింజ పాతదైతే లాభం లేదు. మన అరకు కొండల్లో సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, ఆ చెట్లకే మిరియాల తీగలు పాకించి, గిరిజన రైతులు అరబికా పండిస్తారు. ఎర్రగా పండిన కాయలు చూసి చేత్తో కోస్తారు. 2019లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అంత కష్టపడి తెచ్చిన గింజని మనం పొడి కొట్టించి రెండు నెలలు డబ్బాలో ఉంచేస్తే ఆ వాసనంతా పోతుంది. పదిహేను రోజులకు సరిపడా మాత్రమే పట్టించండి. ఫ్రిజ్‌లో పెట్టి తీస్తూ ఉంటే తేమ పడుతుంది, గాలి చొరని డబ్బాలో వేసి అల్మరాలో పెట్టండి.

చిన్నీ, నీ స్నేహితురాలు వచ్చే నెల వస్తోందట కదా, ఆ అమ్మాయితో పావుకిలో మనింటి పొడి పంపిస్తాను. అంతవరకు నీ దగ్గరున్న పొడిని మిక్సీలో పది సెకన్లు తిప్పు, బొంబాయి రవ్వకన్నా కాస్త సన్నగా వస్తే చాలు. నీళ్లు పోశాక గడియారం చూసి, దిగడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో నాకు రాయి.

ఇట్లు,
మీ అమ్మమ్మ