కంప్యూటర్ విజన్ పునాదులు: ఎంటెక్‌లో చేరేవారి అపోహలు, వాస్తవాలు

వరంగల్‌లో ఎంటెక్‌లో చేరి కంప్యూటర్ విజన్ ఎంచుకునేవారిలో చాలామంది అప్పటికే ఏదో ఒక డిటెక్షన్ మోడల్ నడిపి ఉంటారు. పైథాన్‌లో పది లైన్లు రాస్తే ఫొటోలో మనుషుల చుట్టూ పెట్టెలు పడతాయి. ఆ పెట్టె ఎందుకు పడిందో, ఏ ఫొటోలో పడదో ముందే చెప్పగలగడం పీజీ స్థాయి చదువు. ప్రతి పద్ధతి వెనకా కొన్ని షరతులుంటాయి, అవి తప్పినప్పుడు ప్రోగ్రామ్ చాలాసార్లు ఎర్రర్ కూడా చూపదు. కింది అపోహలన్నీ ఆ షరతులను పట్టించుకోకపోవడం వల్ల పుట్టినవే.

అపోహ: గణితమంతా పూర్తి చేశాకే విజన్ మొదలుపెట్టాలి.

అంత అవసరం లేదు. గేట్ కోసం చదివిన లీనియర్ ఆల్జీబ్రాకు సింగ్యులర్ వాల్యూ డీకంపోజిషన్, అంటే ఎస్‌వీడీ, ఒక్కటి గట్టిగా జోడించండి. హోమోగ్రఫీ (ఒక చదునైన తలం ఒక ఫొటో నుంచి ఇంకో ఫొటోకు ఎలా మారిందో చెప్పేది), ఫండమెంటల్ మ్యాట్రిక్స్ (రెండు ఫొటోల్లోని బిందువుల మధ్య సంబంధం), కెమెరా మ్యాట్రిక్స్ (త్రీడీ బిందువు ఫొటోలో ఎక్కడ పడుతుందో చెప్పేది), ట్రయాంగ్యులేషన్ (ఫొటోల్లోని బిందువుల నుంచి త్రీడీ బిందువును లెక్కగట్టడం) నాలుగూ చివరికి ఒకే రూపానికి వస్తాయి: ఒక మ్యాట్రిక్స్‌ను తెలియని వెక్టర్‌తో గుణిస్తే సున్నా రావాలి. కొలతల్లో తప్పులుంటాయి కాబట్టి కచ్చితంగా సున్నా రాదు. అతి చిన్న సింగ్యులర్ వాల్యూకు చెందిన వెక్టరే జవాబు.

అలాగే 1988 నాటి హారిస్ కార్నర్ పద్ధతినీ, 1981 నాటి లూకాస్-కనాడే ఆప్టికల్ ఫ్లో (వరుస ఫొటోల మధ్య కదలికను కొలిచే) పద్ధతినీ వేర్వేరు పాఠాలుగా చదవకండి. రెండింటిలోనూ గ్రేడియంట్లతో (పక్కపక్క పిక్సెళ్ల వెలుతురు తేడాలతో) కట్టిన అదే 2×2 మ్యాట్రిక్స్ ఉంటుంది. రెండు ఐగెన్ విలువలూ పెద్దవైతే అది మూల, అక్కడ కదలికను నమ్మకంగా కొలవవచ్చు. ఒకటే పెద్దదైతే అది అంచు, అంచు వెంబడి జరిగిన కదలిక తెలియదు. రెండూ చిన్నవైతే ఆ చోటును వదిలేయాలి.

అపోహ: డీప్ లెర్నింగ్ వచ్చాక జ్యామితి పాతబడింది.

2012లో అలెక్స్‌నెట్ అనే న్యూరల్ నెట్‌వర్క్ వచ్చాక మారిపోయింది ప్రధానంగా గుర్తింపు, అంటే ఫొటోలో ఏముంది అన్న ప్రశ్న. అది ఎంత దూరంలో ఉంది, ఎంత పెద్దది అని అడిగితే కెమెరా జ్యామితి దగ్గరికి రాక తప్పదు. పిన్‌హోల్ (సూదిరంధ్రపు కెమెరా) నమూనాలో ప్రతి బిందువునూ దాని లోతుతో, అంటే కెమెరా నుంచి దూరంతో, భాగిస్తాం. అందుకే రెండింతల పెద్ద స్తంభం రెండింతల దూరంలో ఉంటే ఫొటోలో అదే ఎత్తు కనిపిస్తుంది. ఒక్క ఫొటోతో లోతు చెప్పే నెట్‌వర్కులు నేర్చుకున్న అనుభవంతో ఊహిస్తాయి. వేరే ఫోకల్ లెంగ్త్ ఉన్న కెమెరా ఫొటో ఇచ్చి, ఆ సంగతి వాటికి చెప్పకపోతే మీటర్ల లెక్క తప్పుతుంది.

స్వేచ్ఛా పరిమాణాల (డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్) సంఖ్యను బట్టీ పట్టొద్దు, ప్రతిసారీ రాబట్టండి. 3×3 మ్యాట్రిక్స్‌లో 9 సంఖ్యలు. స్కేల్‌కు అర్థం లేదు కాబట్టి హోమోగ్రఫీకి 8, ఒక్కో జత (రెండు ఫొటోల్లో ఒకే చోటును చూపే బిందువులు) రెండు సమీకరణాలిస్తుంది కనుక 4 జతలు చాలు. ఫండమెంటల్ మ్యాట్రిక్స్‌కు డిటర్మినెంట్ సున్నా కావాలి, కాబట్టి 7. ఎసెన్షియల్ మ్యాట్రిక్స్‌లో (కెమెరా లోపలి కొలతలు తెలిసినప్పుడు ఫండమెంటల్ మ్యాట్రిక్స్‌కు బదులు వాడేది) తిరుగుడుకు 3, జరుగుడుకు 3, స్కేల్ తెలియదు కనుక ఒకటి తీసేస్తే 5.

వరంగల్ కోటలో ఒకే చోట నిలబడి ఫోన్‌ను తిప్పుతూ తీసిన ఫొటోలు హోమోగ్రఫీతో చక్కటి పనోరమాగా అతుకుతాయి. వాటి నుంచి లోతు మాత్రం రాదు. లోతు కావాలంటే పక్కకు నడవాలి. నడిచినా, దొరికిన బిందువులన్నీ ఒకే చదునైన గోడ మీదివైతే ఫండమెంటల్ మ్యాట్రిక్స్ ఒక్కటిగా తేలదు, లెక్కలేనన్ని మ్యాట్రిక్స్‌లు ఆ జతలకు సరిపోతాయి. లైబ్రరీ వాటిలో ఒకదాన్ని చేతిలో పెడుతుంది. కాబట్టి అవే జతలకు హోమోగ్రఫీ కూడా వేసి చూడండి. దాదాపు అన్ని జతలూ దానికే సరిపోతుంటే ఆ ఫండమెంటల్ మ్యాట్రిక్స్‌ను నమ్మవద్దు.

ఫండమెంటల్ మ్యాట్రిక్స్‌ను కనుక్కునే 8 బిందువుల పద్ధతిలో ఎక్కువమంది ఇబ్బంది పడేది నార్మలైజేషన్ దగ్గర. పిక్సెల్ నిరూపకాలు 2000 దాకా ఉంటే వాటి గుణకారాలు 40 లక్షలు అవుతాయి, అదే వరుసలో చివరి అంకె 1. అలాంటి మ్యాట్రిక్స్‌లో చిన్న దోషమూ జవాబును కుదిపేస్తుంది. హార్ట్లీ 1997లో చూపిన మార్గం: రెండు ఫొటోల్లోనూ విడివిడిగా బిందువుల సగటును మూలబిందువుకు జరపాలి, సగటు దూరం √2 అయ్యేలా కుదించాలి, మ్యాట్రిక్స్‌ను లెక్కగట్టాలి, ఎస్‌వీడీలో మూడో సింగ్యులర్ విలువను సున్నా చేయాలి, ఆ తర్వాతే పాత కొలతలకు తిప్పాలి. చివరి రెండింటి వరుస మారిస్తే నార్మలైజేషన్ వల్ల వచ్చిన లాభం తగ్గిపోతుంది.

అపోహ: మ్యాచ్‌లు (జతలు) ఎన్ని ఎక్కువ దొరికితే ఫలితం అంత మంచిది. తప్పులను రాన్‌శాక్ తీసేస్తుంది.

రాన్‌శాక్ అంటే కొన్ని జతలను యాదృచ్ఛికంగా ఎంచి నమూనా కట్టి, ఎక్కువ జతలు సరిపోయేదాన్ని ఉంచుకునే పద్ధతి. అది తీసేది ఒకదానితో ఒకటి పొంతన లేని తప్పులను. కోటలో నాలుగు దిక్కులా ఉన్న కాకతీయ తోరణాలు దాదాపు ఒకేలా ఉంటాయి. తూర్పు తోరణం ఫొటోను పడమటి తోరణంతో జత చేస్తే వచ్చే తప్పులన్నీ ఒకే జ్యామితికి కట్టుబడి ఉంటాయి. రాన్‌శాక్ వాటిని ఒప్పులుగానే లెక్కిస్తుంది. అలా కట్టిన త్రీడీ నమూనాలో రెండు తోరణాలు కలిసి ఒకటైపోవచ్చు. వేయిస్తంభాల గుడిలో వచ్చే చిక్కు ఇంకో రకం. ఒక స్తంభం మీది ఫీచర్‌కు (గుర్తుపట్టగల బిందువుకు) పక్క స్తంభం మీద దాదాపు అంతే దగ్గరి పోలిక దొరుకుతుంది. సిఫ్ట్ అనే ఫీచర్ పద్ధతితో వాడే 0.8 నిష్పత్తి పరీక్ష (అతి దగ్గరి పోలిక దూరం రెండోదాని దూరంలో 0.8 వంతు కంటే తక్కువుంటేనే జతను ఒప్పుకునేది) అప్పుడు సరైన జతలను కూడా కొట్టేస్తుంది. హద్దును 0.95కు సడలిస్తే తప్పులు వెల్లువెత్తుతాయి.

దీనికి మందు ఫొటో తీసే తీరులోనే ఉంది. ఒక తోరణం నుంచి ఇంకోదాని దాకా నడుస్తూ, ఒక్కో ఫొటో ముందుదానితో కనీసం 60-70 శాతం కలిసేలా తీయండి. ఫ్రేమ్‌లో చుట్టుపక్కల శిథిలాలు, చెట్లు పడనివ్వండి. అన్ని ఫొటోలనూ అన్నిటితో పోల్చకుండా వరుసలో దగ్గరివాటితోనే పోల్చండి.

రాన్‌శాక్ ఎన్నిసార్లు తిరగాలన్నదీ ఊహతో పెట్టే సంఖ్య కాదు. జతల్లో సగం తప్పుడువైతే, 99 శాతం నమ్మకానికి 4 బిందువుల హోమోగ్రఫీకి 72 సార్లు, 5 బిందువుల ఎసెన్షియల్ మ్యాట్రిక్స్‌కు 146 సార్లు, 8 బిందువుల పద్ధతికి 1177 సార్లు చాలు. తక్కువ బిందువులతో పనిచేసే పద్ధతికి అంత విలువ ఎందుకో ఈ మూడు అంకెలే చెబుతాయి.

అపోహ: రీప్రొజెక్షన్ ఎర్రర్ తక్కువుంటే కాలిబ్రేషన్ సరిగ్గా వచ్చినట్టే.

కాలిబ్రేషన్ అంటే ఫోకల్ లెంగ్త్ వంటి కెమెరా లోపలి కొలతలు కనుక్కోవడం. రీప్రొజెక్షన్ ఎర్రర్ అంటే ఆ కొలతలతో లెక్కగట్టిన బిందువుకూ ఫొటోలో కనిపించిన బిందువుకూ మధ్య దూరం. చదరంగం గళ్ల కాగితాన్ని కెమెరాకు ఎదురుగా నిలిపి 20 ఫొటోలు తీస్తే ఎర్రర్ 0.2 పిక్సెల్ రావచ్చు, ఫోకల్ లెంగ్త్ మాత్రం బాగా తప్పవచ్చు. కాగితం ఎదురుగానే ఉన్నప్పుడు అది దూరంగా ఉందా, ఫోకల్ లెంగ్త్ తక్కువా అని లెక్క తేల్చుకోలేదు. కాగితాన్ని 30 నుంచి 45 డిగ్రీల దాకా నాలుగు వైపులకూ వాల్చాలి. ఫ్రేమ్ మూలల్లోకీ తీసుకెళ్లాలి, లెన్స్ వంకర ఎక్కువుండేది అక్కడే.

ప్రింట్‌ను గాజు పలక మీదనో మందపాటి ప్లైవుడ్ మీదనో బుడగలు లేకుండా అంటించండి. పేజీకి సరిపడేలా ప్రింటర్ బొమ్మను కుదించి ఉండవచ్చు, కనుక గడి కొలతను ఫైల్‌లో చూసి రాయకుండా స్కేలుతో కొలవండి. ఒక్క గడిని కాదు, వరుసగా ఏడెనిమిది గళ్లను కొలిచి భాగిస్తే కచ్చితత్వం పెరుగుతుంది. ఫోన్ అయితే ఫోకస్ లాక్ చేయాలి, జూమ్ ముట్టుకోకూడదు, స్టెబిలైజేషన్ ఆపగలిగితే ఆపాలి. 4000×3000లో కాలిబ్రేట్ చేసి 1000×750 ఫొటోల మీద వాడితే ఫోకల్ లెంగ్త్, కేంద్ర బిందువు విలువలన్నిటినీ నాలుగో వంతు చేయాలి. ఫొటోను కత్తిరిస్తే కేంద్ర బిందువు మాత్రమే జరుగుతుంది.

అపోహ: ఓపెన్‌సీవీ (విజన్ లైబ్రరీ) ఫంక్షన్లు తెలిస్తే చాలు.

ప్రతి ముఖ్య పద్ధతినీ ఒక్కసారైనా నంపైతో (పైథాన్‌లో అర్రేల లెక్కల లైబ్రరీ) సొంతంగా రాసి, లైబ్రరీ జవాబుతో పోల్చండి. ఎక్కువ సమయం తినేవి చిన్న విషయాలే. ఓపెన్‌సీవీ రంగులను నీలం, ఆకుపచ్చ, ఎరుపు వరుసలో చదువుతుంది. ఇమేజ్ అర్రేలో ముందు అడ్డు వరుస, తర్వాత నిలువు వరుస, బిందువుల్లో ముందు ఎక్స్, తర్వాత వై. 8 బిట్ల అర్రేల్లో 200కు 100 కలిపితే నంపై 44 ఇస్తుంది, ఓపెన్‌సీవీ కూడిక ఫంక్షన్ 255 దగ్గర ఆపుతుంది. ఫొటోను చిన్నది చేసేముందు గాసియన్‌తో మసక చేయకపోతే వరంగల్ దర్రీ మీది సన్న చారలు లేని కొత్త అలలుగా మారతాయి.

అపోహ: ఖరీదైన జీపీయూ లేకుండా మొదలే పెట్టలేం.

ఫిల్టర్లు, మూలలు, హోమోగ్రఫీ, స్టీరియో, ఆప్టికల్ ఫ్లో అన్నీ 8 జీబీ ల్యాప్‌టాప్‌లో నడుస్తాయి. నెట్‌వర్కుల పాఠానికి 32×32 సైజు 60,000 ఫొటోల సీఫార్-10 డేటాసెట్, బ్రౌజర్‌లో పైథాన్ నడిపే గూగుల్ కోలాబ్ సరిపోతాయి.

అపోహ: టెస్ట్‌లో 99 శాతం వచ్చింది, ప్రాజెక్ట్ అయిపోయింది.

ఇక్కడ ప్రాజెక్టులకు పత్తి ఆకు తెగుళ్లు, ఎనుమాముల యార్డుకు వచ్చే మిర్చి నాణ్యత సహజంగా తోచే అంశాలు, ఎంతో అవసరమైనవి కూడా. ఒకే ఆకును పది కోణాల్లో తీసి, అన్ని ఫొటోలనూ కలగలిపి యాదృచ్ఛికంగా విడగొడితే అదే ఆకు ట్రైనింగ్‌లోనూ టెస్ట్‌లోనూ చేరుతుంది. అప్పుడు 99 శాతం రావడం వింతేమీ కాదు, మోడల్ ఆ ఆకును గుర్తుపట్టింది, తెగులును కాదు. విభజన చేను వారీగా, వీలైతే తీసిన రోజు వారీగా, ఫోన్ వారీగా జరగాలి. ఫొటోలను తిప్పి, కత్తిరించి పెంచేది విభజన అయ్యాకే, అదీ ట్రైనింగ్ భాగంలోనే.

మిర్చి విషయంలో ఎరుపును కొలిచేముందు కెమెరాను కట్టడి చేయాలి. ఆటో వైట్ బ్యాలెన్స్ ఎర్రటి కుప్పను చూసి రంగునే మార్చేస్తుంది. దాన్నీ ఎక్స్‌పోజర్‌నూ లాక్ చేసి, ప్రతి ఫొటోలో ఒక బూడిద రంగు కార్డు ఉంచండి. ఎరుపు ఛానెల్‌లో 255 దగ్గర పిక్సెళ్లు గుంపు కట్టాయేమో హిస్టోగ్రామ్‌లో చూడండి. కట్టి ఉంటే మంచి కాయకూ మరీ మంచి కాయకూ మధ్య తేడా అప్పటికే పోయినట్టు, ఏ మోడలూ తిరిగి తేలేదు. ఎక్స్‌పోజర్ తగ్గించి మళ్లీ తీయాలి. జేపీఈజీ విలువలు గామా దాటినవి, అంటే అసలు వెలుతురుకు నేరుగా అనుపాతంలో ఉండవు, కాబట్టి సగటు కట్టేముందు వాటిని లీనియర్‌లోకి మార్చాలి.