ఖాళీ గోతం బరువు తీశారా?

ఒకే ప్రశ్నావళితో గుంటూరులో చేసిన సర్వే విజయవాడలో చేస్తే ఫలితం ఎందుకు మారిపోతుందని ఒక పాఠకురాలు అడిగారు. మనుషులు మారడం ఒక కారణం, అందులో వింతేమీ లేదు. చూడాల్సింది కాటా మారిందా అని.

మిర్చి యార్డులో టిక్కీని, అంటే మిర్చి బస్తాని, తూచి ఖాళీ గోతం బరువు తీయకపోతే ఏమవుతుందో ఎవరికీ చెప్పక్కర్లేదు. సర్వేలోనూ గోతం ఉంటుంది. కుంగుబాటును కొలిచే పీహెచ్‌క్యూ-9నే తీసుకోండి. గడిచిన రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు. జవాబులు నాలుగు: అసలు లేదు, కొన్ని రోజులు, సగానికి పైగా రోజులు, దాదాపు రోజూ. వీటికి వరసగా 0, 1, 2, 3 మార్కులు. మొత్తం 0 నుంచి 27 దాకా రావచ్చు. 10 వచ్చిందంటే ఓ మోస్తరు కుంగుబాటు ఉండొచ్చు, డాక్టరు చూడాలి.

విజయవాడ ఫారం తయారుచేసినవాళ్లు అలవాటు కొద్దీ జవాబులకి 1, 2, 3, 4 అని నంబర్లు వేశారనుకోండి. ప్రశ్నకి ఒకటి చొప్పున తొమ్మిది మార్కులు ఊరికే వచ్చి పడతాయి. అదే గోతం బరువు. ఏ బాధా లేని మనిషి 9 దగ్గర ఉంటాడు. దోమల వల్ల నాలుగు రాత్రులు నిద్రపట్టలేదని ఒక్క ప్రశ్నకి "కొన్ని రోజులు" అన్నాడా, 10 అయిపోయి కుంగుబాటు జాబితాలోకి ఎక్కేస్తాడు! రెండు ఊళ్ల సగటుకీ 9 తేడా వస్తే, అది బెంజి సర్కిల్ ట్రాఫిక్ మహిమేనని రాసేసేవాళ్లూ ఉంటారు. ఫైలు రాగానే కనిష్ఠం చూడండి. వందల మందిలో ఒక్కరికీ 9 కంటే తక్కువ రాలేదంటే గోతం తీయలేదన్నమాట. గరిష్ఠం చూసి లాభం లేదు. ఈ తప్పు కోడ్‌తో 27 దాటాలంటే మనిషికి నిజంగా 18 దాటాలి, అలాంటివాళ్లు తక్కువ.

టిక్కీలో రాయి కలవడం ఇంకో రకం తప్పు. జవాబు చెప్పనివాళ్లకి 99 వేసి, కూడేటప్పుడు తీయడం మరిచిపోతారు. 99 అయితే కంటబడుతుంది. 9 వేస్తే మామూలు మార్కుల్లో కలిసిపోయి దొరకదు.

తెలుగులో అడిగేటప్పుడు ఇంకో చిక్కు ఉంది. "నిద్ర పట్టట్లేదా అమ్మా?" అని అడిగితే ఒకావిడ "లేదండీ" అంటుంది, ఇంకొకావిడ "అవునండీ" అంటుంది. ఇద్దరికీ నిద్ర లేదు! మొదటావిడ మాటని "లేదు" గడిలో టిక్కు పెడితే బాధ లేనట్టే నమోదవుతుంది. అవును-కాదు ప్రశ్న మానేసి, "నిద్ర పట్టని రోజులు ఎన్ని?" అని అడగాలి. "గత రెండు వారాల్లో" అన్న మాటని "ఈమధ్య" అని కుదించడమూ ఇలాంటిదే. "ఈమధ్య"లో పోయిన సంక్రాంతి కూడా ఇమిడిపోతుంది.

ఎన్ని రోజుల గురించి అడుగుతున్నామో ఆ గడువు మారితే దేశం లెక్కే తారుమారవుతుంది. జాతీయ నమూనా సర్వే 55వ విడతలో, 1999-2000లో, తిండి ఖర్చుని అదే కుటుంబాన్ని 7 రోజులకీ 30 రోజులకీ పక్కపక్క గడుల్లో అడిగారు. అంతకుముందు వేర్వేరు కుటుంబాలను అడిగిన విడతల్లో 7 రోజుల లెక్క ఎక్కువ వచ్చేది. పక్కపక్కన పెట్టేసరికి ఒకటి చూసి ఒకటి సర్దుకున్నాయి. పేదల లెక్క ఈ ఖర్చు మీదే కడతారు కాబట్టి, పేదరికం 36 శాతం నుంచి 26 శాతానికి దిగిందన్న మాట మీద ఏళ్ల తరబడి వాదన నడిచింది.

(వయసు చెబితే ఆయుష్షు తగ్గుతుందనే నమ్మకం సర్వేవాళ్లకి మరో తలనొప్పి. 1977 దివిసీమ ఉప్పెన నాటికి ఏ తరగతిలో ఉన్నారని అడిగి చూడండి, పనవుతుంది.)

మందేమిటంటే ప్రశ్న మాట, జవాబుకిచ్చే కోడు, ఎవరిని అడగకుండా దాటేయాలన్న నియమం మూడూ ఒకే ఫైల్లో ఉండటం. ఫోన్లో సర్వే జవాబులు ఎక్కించే ఓడీకే వాడేవాళ్లకి ఎక్స్‌ఎల్‌ఎస్‌ఫారం ఉంది. అదొక ఎక్సెల్ ఫైలు, అందులో సర్వే, ఛాయిసెస్, సెట్టింగ్స్ అని మూడు షీట్లు. కోడు ఛాయిసెస్ షీట్‌లో "నేమ్" అనే నిలువు వరసలోకి వెళ్తుంది, తెలుగు మాట "లేబుల్" వరసలోకి. దాటేసే నియమం సర్వే షీట్‌లో "రెలవెంట్" వరసలోకి. సర్వే మధ్యలో ఒక్క అక్షరం దిద్దినా సెట్టింగ్స్‌లో వెర్షన్ మార్చాలి. తేదీ ముందు, ఆ రోజు ఎన్నోసారో వెనక: 2025011502 అంటే జనవరి 15న రెండో దిద్దుబాటు. ఆ అంకె ప్రతి జవాబు పక్కనా చేరితే, ఏ టిక్కీని ఏ కాటా మీద తూచారో పదేళ్ల తర్వాత ఫైలు తెరిచినా తెలుస్తుంది.