దీపావళికి టామీని మేడెక్కించొద్దు

చిన్నూ, బుజ్జీ,

మొన్న ఫోన్లో అడిగారు కదా, దీపావళికి టామీని కూడా మేడ మీదకి తీసుకెళ్లి చిచ్చుబుడ్లు చూపిద్దామా తాతయ్యా అని. వద్దు నాన్నా. ఎందుకు వద్దో చెప్పేలోపే మీ అమ్మ అన్నానికి పిలిచింది, మీరు ఫోన్ పెట్టేశారు, అందుకే ఇదంతా టైప్ చేస్తున్నా, ఇద్దరూ కూర్చుని చదవండి.

మన చెవికి 20,000 హెర్ట్జ్ దాటితే వినపడదు, కుక్కకి దాదాపు 45,000 దాకా వినపడుద్ది. అంటే తారాజువ్వ కూత మనకంటే దానికి ఇంకా ఎక్కువ. పైగా మీరైతే వత్తి అంటించడం చూసి చెవులు మూసుకుంటారు, అది ఎటునుంచి పేలుద్దో దానికి తెలీదు, ఎప్పుడు ఆగుద్దో అసలే తెలీదు, పండగని దానికి ఎవరు చెప్పారు పాపం.

భయమేస్తే కుక్క ప్రతిసారీ అరవదు, అది గుర్తుపెట్టుకోండి. ఫ్యాన్ కింద పడుకుని కూడా నాలుక బయటపెట్టి రొప్పుద్ది, చెవులు వెనక్కి అతుక్కుపోతాయి, తోక కాళ్ల మధ్యకి పోద్ది, ఊరికే మూతి నాక్కుంటది, ఆవలిస్తది. ఆవలిస్తుంటే నిద్రొచ్చిందేమో అనుకుంటారు, ఆ టైంలో అది నిద్ర కాదు.

పండక్కి ఇంకా నెలుంది కాబట్టి ఇప్పట్నుంచే ఒక పని చేయండి. ఫోన్లో టపాసుల సౌండు బాగా తగ్గించి పెట్టి, అది వినపడినప్పుడల్లా ఉడికించిన కోడిగుడ్డు ముక్క పెట్టండి, అది హాయిగా తింటుంటేనే రోజురోజుకీ కొంచెం పెంచాలి, బెదిరితే మళ్లీ తగ్గించేయాలి. తొందరపడితే ఉన్న భయం ఇంకా పెరుగుద్ది.

పండగ రోజు చీకటి పడకముందే వాకింగ్ అయిపోవాలి, అన్నం కూడా పెట్టేయాలి. తర్వాత రోడ్డు వైపు కిటికీ లేని మధ్య గదిలో దాని పాత దుప్పటి వేసి, ఫ్యాను, టీవీ ఆన్ చేసి ఉంచండి. మంచం కిందకి దూరితే దూరనివ్వండి, కాళ్లు పట్టి లాగొద్దు చిన్నూ (నీకే చెప్తున్నా). దగ్గరకి తీస్తే భయం అలవాటవుద్దని కొంతమంది పెద్దవాళ్లు అంటారు, అది ఉత్త మాట, అదే మీ దగ్గరకి వస్తే పక్కన కూర్చుని మెల్లగా నిమరండి. గొలుసుతో మాత్రం కట్టేయొద్దు, పేలగానే ఎగిరి మెడకి చుట్టుకుంటది. చుట్టాలొచ్చి గేటు తీసినప్పుడే కుక్కలు పారిపోయేది, అందుకే బెల్టు మీద అమ్మ నెంబర్ రాయించండి.

మరీ వణికిపోయే కుక్క అయితే కనీసం వారం పది రోజుల ముందే పశువుల డాక్టర్‌కి చూపించమనండి. వాళ్లిచ్చే మందులు ఉంటాయి. మన ఇంట్లో ఉన్న నిద్రమాత్రలు, జ్వరం బిళ్లలు ఒక్కటి కూడా వేయకూడదు. కొన్ని మందులకి ఒళ్లు మాత్రం పడిపోద్ది గానీ లోపల భయం అలాగే ఉంటది, అందుకే సొంత వైద్యం వద్దనేది. చాక్లెట్లు, ద్రాక్షపళ్లు, సేమ్యాలో కిస్‌మిస్ కూడా దానికి విషమే, ప్రేమగా తినిపించకండి.

వీధి కుక్కల సంగతి. 2018లో సుప్రీంకోర్టు దీపావళికి రాత్రి 8 నుంచి 10 దాకానే కాల్చుకోమంది, మన వీధిలో ఎవరు వింటున్నారు చెప్పండి. మీరైనా పదికి ఆపేయండి. ఆ రాత్రికి పార్కింగ్‌లో ఓ మూల వాటికి చోటివ్వండి, గిన్నెలో నీళ్లు పెట్టండి. ఎవడైనా కుక్క తోకకి సీమటపాకాయలు కడుతుంటే నవ్వుతూ చూడకుండా వెంటనే నాన్నకి చెప్పండి, 1960 నాటి జంతుహింస చట్టం ప్రకారం అది నేరం. నేపాల్లో చూడండి, అదే పండగ రోజుల్లో కుకుర్ తిహార్ అని ఒక రోజంతా కుక్కలకే, మెడలో బంతిపూల దండేసి బొట్టు పెట్టి భోజనం పెడతారు.

తెల్లారాక టామీని వెంటనే వదలొద్దు. పేలని టపాసులు, కాలిన మందు అన్నీ నోట్లో పెట్టుకుంటది, ముందు వాకిలి ఊడవండి. కాలు కాలితే చల్లటి నీళ్లు పోయాలి, టూత్‌పేస్టూ పసుపూ రాయొద్దు, డాక్టర్ దగ్గరకి తీసుకెళ్లాలి. పండక్కి చాలా క్లినిక్‌లు మూసేస్తారు కాబట్టి ఆ రోజు తెరిచి ఉండేది ఏదో ముందే కనుక్కుని నెంబర్ ఫ్రిజ్ మీద అంటించమను అమ్మని.

మీ తాతయ్య