గెలెక్టిన్-3 టెస్టు, పెక్టిన్ పొడి: ఈ గొడవ ఎక్కడ మొదలైంది?

విశాఖలో హార్ట్ ఫెయిల్యూర్ పేషెంట్లున్న ఇళ్లలో మళ్ళీ అదే టెన్షన్. గెలెక్టిన్-3 టెస్టు చేయించాలా? ఎక్కువ వస్తే నిమ్మజాతి పండ్ల తొక్కల నుంచి తీసి ఆన్‌లైన్‌లో అమ్మే సిట్రస్ పెక్టిన్ పొడి మొదలుపెట్టాలా?

గెలెక్టిన్-3 మన ఒంట్లో తయారయ్యే ప్రోటీనే. కణాల మీదుండే చక్కెర గొలుసుల్ని పట్టుకుంటుంది. పెక్టిన్ కూడా చక్కెర గొలుసులున్నదే కాబట్టి ఈ ప్రోటీన్‌ను అడ్డుకుంటుందని ఆశ. దాన్ని ఎప్పుడు కనిపెట్టారు, పేర్లు ఎన్నిసార్లు మారాయి అన్నది అలా ఉంచుదాం. అసలు మలుపు 2004లో వచ్చింది.

ఆ ఏడాది నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ పరిశోధకులు బీపీ ఎక్కువుండే ఎలుకల్ని పరిశీలించారు. తర్వాత దెబ్బతినబోయే గుండెల్లో ఈ ప్రోటీన్ ముందే బాగా పెరిగి ఉంది. వాళ్లు అంతటితో ఆగలేదు. ఆరోగ్యంగా ఉన్న ఎలుకల గుండె చుట్టూ ఉండే సంచిలోకి నాలుగు వారాలు అదే ప్రోటీన్‌ను ఎక్కించారు. గుండె కండరంలో కొల్లాజెన్ (కండరాన్ని బిగుసుకునేలా చేసే నార లాంటి ప్రోటీన్) పేరుకుంది, పంపింగ్ తగ్గింది. అంటే ఇది జబ్బు దగ్గర కనిపించే ప్రోటీన్ మాత్రమే కాదు, జబ్బు తెచ్చేది కూడా కావచ్చు. ఇవాళ్టి టెస్టు మీద, పొడి మీద ఆశంతా అక్కడ పుట్టిందే.

2010లో అమెరికాలో మందులకు, పరీక్షలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ గెలెక్టిన్-3 రక్తపరీక్షకు అనుమతిచ్చింది. ఎవరికి ముప్పు ఎక్కువో ముందే తెలుస్తుందని టెస్టు కావాలనేవాళ్లు అంటారు. ఆ మాట నిజమే. కానీ అనుమతి ఇచ్చింది మిగతా పరీక్షలతో కలిపి అంచనా వేయడానికే. ఆ అంకెను చూసి ఫలానా మందు ఇవ్వాలని తేల్చిన వైద్యం ఇప్పటికీ లేదు.

పొడి సంగతీ చూశారు. గెలెక్టిన్-3 ఎక్కువున్న 66 మంది బీపీ పేషెంట్లలో కొందరికి సిట్రస్ పెక్టిన్, మిగతావాళ్లకు ఉత్తుత్తి మందు ఇచ్చి చూసిన ప్రయోగం 2021లో అచ్చయింది. కొల్లాజెన్ సూచికల్లో తేడా రాలేదు. ఈ ప్రోటీన్‌ను అడ్డుకోవడానికి తయారుచేసిన బెలపెక్టిన్ అనే ఇంజెక్షన్ కూడా 2024 డిసెంబర్‌లో లివర్ సిరోసిస్ ప్రయోగంలో ప్రధాన లక్ష్యం అందుకోలేకపోయింది. పొడి మీద నమ్మకంతో డాక్టర్ రాసిన మందులు మానేస్తారేమోనని నాకు భయం.

మన దగ్గర ఇంకో చిక్కుంది. కిడ్నీలు దెబ్బతింటే రక్తంలో గెలెక్టిన్-3 దానంతటదే పెరుగుతుంది. ఉద్దానం నుంచి కేజీహెచ్‌కు వచ్చే కిడ్నీ పేషెంట్ ఈ టెస్టు చేయించుకుంటే గుండె బాగానే ఉన్నా అంకె ఎక్కువ రావచ్చు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు పక్కన పెట్టుకుని చూడకపోతే, ఆ కాగితం పట్టుకుని ఆ కుటుంబం గుండె డాక్టర్ల చుట్టూ తిరగాల్సి వస్తుంది.